పాత పిస్టన్‌ను పారేయకండి: స్ప్రేయర్ ఇంజిన్ల గురించి కొన్ని అపోహలు

మిరపకు మందు కొట్టే రోజుల్లో నా దగ్గరికి వచ్చే పవర్ స్ప్రేయర్లలో చాలావరకు రెండోసారి పట్టేసినవే, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయినవే. ఇంట్లో విప్పి కొత్త పిస్టన్ వేసుకుంటారు, నాలుగు ట్యాంకులు కొట్టేలోపే ఇంజిన్ మళ్లీ ఆగిపోతుంది. ఇంట్లో విప్పడంలో తప్పేమీ లేదు. ఈ చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్లలో వాల్వులు, టైమింగ్ చైను ఉండవు. ఓపిక ఉంటే ఎవరైనా నేర్చుకోవచ్చు.

అపోహ: ఇంజిన్ పట్టేస్తే పిస్టన్ మార్చితే చాలు.

వాస్తవం: ఎందుకు పట్టేసిందో తెలియకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ పోతుంది. పాతదాన్ని ఎండలో తిప్పి చూడండి. సైలెన్సర్ వైపే నిలువు గీతలుంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువై, పెట్రోలు చాలక వేడెక్కి ఉంటుంది. కార్బురేటర్ వైపు గరుకు కాగితంతో రుద్దినట్టు మసకగా అరిగితే ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లింది. రెండు వైపులా గీతలుంటే ఆయిల్ కలపని పెట్రోలు పోశారేమోనని అడుగుతాను.

గాలి ఎక్కడి నుంచి చొరబడుతుంది? టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంకు తిరిగే గది అయిన క్రాంక్‌కేసులోకి వెళ్లి, అక్కడి నుంచి సిలిండర్‌కు చేరతాయి. క్రాంకు చుట్టూ ఉండే రబ్బరు ఆయిల్ సీలు ఎండి పగిలితే ఆ సందులోంచి గాలి పీలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలినా రేసు వెంటనే దిగకపోతే నా మొదటి అనుమానం దాని మీదే. కార్బురేటర్, సైలెన్సర్ దారులను రబ్బరు ముక్కలతో మూసి, ప్లగ్గు బిగించి, చేతిపంపుతో చదరపు సెంటీమీటరుకు అర కిలో ఒత్తిడి ఎక్కించి సబ్బు నీళ్లు రాయండి. ఒక స్ప్రేయర్‌కు అప్పటికే రెండు పిస్టన్లు మార్చారు. సబ్బు నీళ్లు రాయగానే మాగ్నెట్ (ఫ్లైవీల్) వైపు సీలు అంచున ఆవగింజలంత బుడగలు వరసగా లేచాయి. ఆ చిన్న సీలు మార్చాక ఇంజిన్ నిలబడింది.

అపోహ: ఆయిల్ ఎంత ఎక్కువ కలిపితే అంత మేలు.

వాస్తవం: పెట్రోలు, ఆయిల్ పాళ్లు 25:1 అంటే లీటరు పెట్రోలుకు 40 మి.లీ. ఆయిల్, 50:1 అంటే 20 మి.లీ. మీ యంత్రానికి కంపెనీ ఏది చెబితే అదే. ఎక్కువైతే ప్లగ్గు తడిసిపోతుంది, సైలెన్సర్ దారిలో బొగ్గు పేరుకుంటుంది. బైకుల్లో వాడే ఫోర్ స్ట్రోక్ ఆయిల్ మాత్రం దీనికి వద్దు. అది పెట్రోలుతో పాటు కాలిపోవడానికి తయారైనది కాదు.

అపోహ: సిలిండర్‌లో గీతలు పడితే బోరింగ్ (లోపలి గోడను కోసి నునుపు చేయడం) చేయించాలి.

వాస్తవం: ఇనుప బోరు అయితే చేయించవచ్చు. లోపలి గోడకు అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది ఇనుమే. అల్యూమినియం సిలిండర్‌కు లోపల క్రోమియం, నికెల్ పూత ఉంటే బోరింగ్‌తో ఆ పూతే పోతుంది. ముందు గోరుతో తడిమి చూడండి. ఉబ్బెత్తుగా తగిలితే అది పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియం, దాన్ని తొలగించవచ్చు. గోరు లోపలికి దిగితే పూత తెగినట్టే, సిలిండర్ మార్చాలి.

బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. రింగు కొసలు గాడిలోని పిన్నుకు రెండు వైపులా సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే సిలిండర్ గోడలోని రంధ్రంలో (పోర్టులో) చిక్కుకుని విరుగుతాయి. పిస్టన్ పిన్ను క్లిప్పులు ప్రతిసారీ కొత్తవే వేయండి. ఫ్లైవీల్ నట్టు విప్పడానికి పిస్టన్‌ను ఆపాలంటే ప్లగ్గు రంధ్రంలోకి స్క్రూడ్రైవర్ దూర్చకండి, మెత్తని తాడు దోపండి.

అపోహ: పెట్రోలు ఎన్నాళ్లున్నా పెట్రోలే.

వాస్తవం: ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. పంట అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి.