ఆసుపత్రి ఎవరిది, బిల్లు ఎవరిది?

సమాఖ్య దేశంలో వైద్యం ఎలా నడుస్తుందో తెలియాలంటే ఆసుపత్రిని నడిపేది ఎవరు, డబ్బు కట్టేది ఎవరు అని విడివిడిగా అడగాలి. ఒకే పేరు రావడం అరుదు.

కెనడా 1867 రాజ్యాంగం ఆసుపత్రులను ప్రావిన్సులకు, అంటే అక్కడి రాష్ట్రాలకిచ్చి, క్వారంటైన్‌ను, నావికుల ఆసుపత్రులను కేంద్రానికి ఉంచింది. ఆసుపత్రులు అప్పట్లో చాలావరకు దాతల మీద, చర్చిల మీద నడిచేవి, ప్రావిన్సులకు అదంత బరువనిపించలేదు. 1947లో సస్కాచెవాన్ ప్రావిన్సు సొంతంగా ఆసుపత్రి బీమా పెట్టింది. 1957లో కేంద్రం చట్టం చేసి, అలాంటి పథకం పెట్టే ప్రావిన్సుకు ఖర్చులో దాదాపు సగం ఇస్తానంది. 1961 నాటికి అన్ని ప్రావిన్సులూ చేరాయి. ఒకరు చేసి చూపిస్తే మిగతావారు అందుకోవడం సమాఖ్యకున్న పెద్ద బలం.

చిక్కంతా ఆ సగంలోనే ఉంది. ఆసుపత్రిలో పెట్టిన డాలరుకు సగం తిరిగొస్తుంది; నర్సు ఇంటికెళ్లి చేసే సేవకు రాదు. దాంతో ప్రావిన్సులు మంచాల వైపే మొగ్గాయి. 1977లో లెక్క మార్చి, జనాభాను, ఆర్థిక వృద్ధిని బట్టి గంపగుత్తగా ఇచ్చారు. ప్రావిన్సులకు వెసులుబాటు దొరికింది గానీ కేంద్రం పట్టు సడలింది, రోగుల దగ్గర డాక్టర్లు అదనంగా వసూలు చేయడం పెద్ద సమస్యైంది. 1984 కెనడా ఆరోగ్య చట్టం విరుగుడు చెప్పింది: రోగి దగ్గర అదనంగా ఎన్ని డాలర్లు తీసుకుంటే, ప్రావిన్సుకిచ్చే నిధుల్లో అన్ని డాలర్లు కోత. ఒక్క ఆసుపత్రిని కూడా చేతిలోకి తీసుకోకుండా కేంద్రం దేశమంతటికీ ఒకే నియమం తెచ్చిన తీరిది.

అయినా ఒకరి బాధ్యత ఆగి మరొకరిది మొదలయ్యే అతుకు కనిపిస్తూనే ఉంటుంది. వార్డులో ఉన్నన్నాళ్లూ రోగి యాంటీబయోటిక్‌కు పైసా కట్టడు. డిశ్చార్జయ్యాక అదే మందు మాత్రగా కొంటే ఆ చట్టం వర్తించదు. ప్రావిన్సు పథకమో, ఉద్యోగ బీమానో, సొంత జేబో చూసుకోవాలి.

ఆస్ట్రేలియాలో అతుకు మరోచోట పడింది: ప్రభుత్వ ఆసుపత్రులు రాష్ట్రాలవి, బయటి డాక్టరు ఫీజుకు సాయం కేంద్రం నడిపే మెడికేర్ అనే ఆరోగ్య బీమాది. డాక్టరు దొరకని రోగి ఎమర్జెన్సీకి వెళితే భారం రాష్ట్రానికి మారుతుంది.

జర్మనీలో 1972 నుంచి భవనాలకు, యంత్రాలకు రాష్ట్రాలు, రోజువారీ ఖర్చుకు ఆరోగ్య బీమా సంస్థలు డబ్బు కడతాయి. రాష్ట్రాలు చెయ్యి బిగించే కొద్దీ ఆసుపత్రులు రోగుల చికిత్సకు కేసుకింత అని బీమా నుంచి వచ్చే డబ్బులోంచే యంత్రాలకు మిగుల్చుకున్నాయి. ఆ కోత నర్సుల మీద పడింది. చివరికి 2020లో వార్డు నర్సుల జీతాలను కేసుకింత అనే రేటు నుంచి విడదీసి, విడిగా చెల్లించడం మొదలుపెట్టారు.