ఆఫ్రికాకు నష్టపరిహారం: క్లాసులో నేను ఏటా వినే అపోహలు

డిగ్రీ విద్యార్థులకు ఆధునిక చరిత్ర చెబుతాను. ఆఫ్రికాలో వలస పాలన పాఠం మొదలుపెట్టగానే ఈ మాటలు వస్తాయి.

అపోహ: చేసినవాళ్లూ లేరు, పడ్డవాళ్లూ లేరు. ఇప్పుడెవరు ఎవరికి కట్టాలి?

వాస్తవం: ఉన్నారు. 1950లలో కెన్యాలో బ్రిటిష్ పాలనకు ఎదురుతిరిగిన మౌ మౌ తిరుగుబాటును అణచేటప్పుడు బ్రిటిష్ నిర్బంధ శిబిరాల్లో చిత్రహింసలు పడ్డ కెన్యా వృద్ధులు లండన్ కోర్టుకెక్కారు. 2013లో బ్రిటన్ 5,228 మందికి, కోర్టు ఖర్చులతో కలిపి, 1.99 కోట్ల పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇక పాత బాకీలంటారా, బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టం కింద బానిసల యజమానులకు పరిహారమిచ్చేందుకు చేసిన అప్పును బ్రిటన్ 2015 దాకా తీరుస్తూనే ఉంది. బానిసలకు మాత్రం పైసా ఇవ్వలేదు.

అపోహ: అన్నేళ్ల నాటి సంగతికి సాక్ష్యం ఎక్కడిది?

వాస్తవం: కాగితాలున్నాయి, దాచిపెట్టారంతే. కెన్యా కేసు నడుస్తుండగానే ఇంగ్లండ్‌లో హాన్‌స్లోప్ పార్క్ అనే ప్రభుత్వ కేంద్రంలో మూలుగుతున్న వలస పాలన ఫైళ్లు బయటపడ్డాయి. 1957లో కెన్యా అటార్నీ జనరల్ గవర్నర్‌కు రాసిన మాట ఇది: పాపం చేయక తప్పదంటే, చప్పుడు లేకుండా చేయాలి. ఈ వాక్యం చదివాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడరు. అయితే అందరికీ న్యాయం జరిగిందనుకోవద్దు. సుమారు 40,000 మంది వేసిన మరో కేసును గడువు దాటిందన్న కారణంతో 2018లో కొట్టేశారు.

అపోహ: జర్మనీ నమీబియాకు కట్టేసింది కదా!

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. నమీబియా అప్పుడు జర్మనీ వలస. 1904లో జర్మన్ సేనాని జనరల్ వాన్ ట్రోథా అక్కడి హెరెరో జాతివాళ్లను చంపమని ఉత్తర్వు ఇచ్చాడు. ఎడారిలోకి తరిమారు, మిగిలినవాళ్లను శిబిరాల్లో పెట్టారు. చనిపోయిన తమవాళ్ల పుర్రెలను గాజు పెంకులతో గీకి శుభ్రం చేసే పని అక్కడి ఆడవాళ్లతోనే చేయించారు. పరిశోధన పేరుతో వాటిని జర్మనీకి పంపారు.

2021లో జర్మనీ దీన్ని జాతిహత్యగా ఒప్పుకుని, 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. కానీ పరిహారం అనలేదు, అభివృద్ధి సాయం అంది. పేరు ఏదైతేనేం అని పిల్లలు అడుగుతారు. సాయమైతే అది ఇచ్చేవాడి దయ. పరిహారమైతే తప్పు చేశానని రాసిచ్చినట్టు. అందుకే చాలామంది హెరెరోల నాయకులు, వాళ్లలాగే అణచివేతకు గురైన నామా జాతి నాయకులు ఒప్పుకోలేదు. తమను కూర్చోబెట్టకుండా రెండు ప్రభుత్వాలే మాట్లాడుకున్నాయన్నది వాళ్ల మరో అభ్యంతరం. 2011లో బెర్లిన్ నుంచి 20 పుర్రెలు తిరిగొచ్చినప్పుడు నమీబియా రాజధాని విండ్‌హోక్ విమానాశ్రయానికి జనం తరలివచ్చింది తమ పెద్దలను ఇంటికి తీసుకెళ్లడానికి.