శనివారం పాట, ఆదివారం పాట

ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) గుడిలో శనివారం సాయంత్రం గాయక బృందం సాధన చేస్తుంటే గొంతులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి గంభీరంగా వినిపిస్తాయి. మర్నాడు పూజలో అదే పాట పొడిపొడిగా వస్తుంది. ఎవరి గొంతు వారిదే, ఎవరి అపస్వరం వారిదే. "నిన్న బాగానే వచ్చిందే" అంటూ అందరూ కీబోర్డు వాయించే అబ్బాయి వైపు చూస్తారు. పాపం, తప్పు అతనిది కాదు. తెల్లారేసరికి గది మారిపోయింది.

ఎంత మారిందో లెక్క కట్టవచ్చు. పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో కనిపించే స్లాబు గుడి ఒకటి ఊహించుకోండి. పొడవు 24 మీటర్లు, వెడల్పు 10, ఎత్తు 6. అంటే 1440 ఘనపు మీటర్లు. శబ్దం ఆగాక 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయం సుమారుగా 0.161ని ఘనపరిమాణంతో గుణించి, గది మింగే శబ్దంతో భాగిస్తే వస్తుంది. 1890ల చివర్లో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ తేల్చిన సూత్రమిది. టైల్స్, ప్లాస్టరింగు గోడలు, స్లాబు తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులే మింగుతాయనుకుంటే, కిటికీలు పోను మిగిలిన 870 చదరపు మీటర్లకు 26 వస్తుంది. తెరిచిన కిటికీ మాత్రం నూటికి నూరూ మింగుతుంది, బయట చేలోకి పోయిన శబ్దం తిరిగి రాదు గనక. సబైన్ కొలమానంగా పెట్టుకున్నదీ తెరిచిన కిటికీనే. మన గుడికి 18 చదరపు మీటర్ల కిటికీలుంటే, అన్నీ కలిపి 44 చదరపు మీటర్ల తెరిచిన కిటికీతో సమానం. ఖాళీ గుడిలో శబ్దం 5 సెకన్లకు పైగా నిలుస్తుంది.

ఆదివారం 200 మంది వచ్చారు. ఒక్కో మనిషి, ఒంటిమీది బట్టలతో కలిపి, దాదాపు 0.45 చదరపు మీటర్ల తెరిచిన కిటికీతో సమానం. 44 కాస్తా 134 అయింది, 5 సెకన్లు 1.7కి పడిపోయాయి. శనివారం గొంతుల మధ్య సందులు పూడ్చింది గోడలే. అందుకే సాధనలో కనీసం చివరి రెండుసార్లు గోడకు దూరంగా, ఒకరికొకరు దగ్గరగా నిలబడి, మైకు లేకుండా పాడి చూసుకోవాలి.

కాథలిక్కుల పాతకాలపు లాటిన్ ఆరాధన గానమైన గ్రెగోరియన్ గానం బతికింది శనివారం లాంటి గదుల్లో, రాతి గోడల మఠాల్లో. వాటికి తగ్గ లక్షణాలే దానిలో కనిపిస్తాయి. అందరిదీ ఒకటే వరుస, తాళం లేదు, నడక ఎక్కువగా పక్కపక్క స్వరాల మీదే. వెనకటి స్వరం ఇంకా గాలిలో ఉండగానే తర్వాతిది వచ్చి కలుస్తుంది. అదే గదిలో నిమిషానికి 120 దెబ్బల వేగంతో డోలక్ వాయిస్తే, మొదటి దెబ్బ చల్లారేలోపు మరో పది దాని మీద పేరుకుంటాయి. స్వరస్థానాలు మనకు కొత్త కాదు. ఆ గానంలోని స్వర వరుసల్లో డోరియన్ అంటే ఖరహరప్రియ మెట్లు, మిక్సోలిడియన్ అంటే హరికాంభోజి మెట్లు. గమకాలు మాత్రం ఉండవు.

కాథలిక్ బిషప్పుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధన పత్రం గ్రెగోరియన్ గానానికి అగ్రస్థానం ఉంచుతూనే, పూజలో స్థానిక భాషకూ స్థానిక సంగీతానికీ తలుపు తీసింది. తెలుగుతో చిక్కు అక్కడే మొదలైంది. బైబిలు కీర్తనలు పాడే వరుసలో, అంటే కీర్తన స్వరంలో, ప్రతి పాదానికీ ఒక ఆరంభం, ఒకే స్వరం మీద సాగే పఠనం, మధ్యలో విరామం, చివర దిగుడు ఉంటాయి. లాటిన్‌లో ఆ దిగుడు పదంలో ఊనిక పడే అక్షరం చూసుకుని దిగుతుంది. తెలుగులో అలాంటి ఊనిక లేదు, గురులఘువులున్నాయి. 'ప్రభువు నా కాపరి' అనే పాదంలో దిగుడు 'కా' మీద మొదలవ్వాలి. అది తప్పి 'రి' మీద పడి సాగిందా, 'కాపరీ' అయి కూర్చుంటుంది. దేవుడి గురించి చెప్పే మాట దేవుణ్ని పిలిచే మాటైపోతుంది. భక్తి కీర్తన పాడేవారు ముందురోజే పెన్సిలుతో ప్రతి పాదంలో చివరి గురువు కింద గీత గీసుకుంటే ఈ బాధ ఉండదు. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగియడం ఒక వరం. గది పట్టి ఉంచేది ఆ అచ్చునే.

శ్రుతి విషయానికొస్తే, పఠన స్వరం హార్మోనియం మీద ఐదు, ఆరు శ్రుతుల మధ్య పెడితే ఆడవాళ్లకూ మగవాళ్లకూ అందుతుంది. అంతకు పైకి పోతే జనం పల్లవి వదిలేస్తారు. మిక్సర్‌లో ఎకో నాబ్ సున్నాలో ఉండాలి. సొంత ప్రతిధ్వని ఉన్న గుడికి కొనుక్కున్న ప్రతిధ్వని కలిపితే హల్లులు చచ్చిపోతాయి. బృందం గుడి వెనక భాగంలో నిలబడితే, 30 డిగ్రీల ఎండలో సెకనుకు 349 మీటర్లు పరిగెత్తే శబ్దం 24 మీటర్లు దాటి ముందు వరుసకు చేరేసరికి సెకనులో పద్నాలుగో వంతు గడుస్తుంది. వారి జవాబు వెనక్కి వచ్చేసరికి ఏడో వంతు. తాళం పాట అక్కడే ఈడ్చుకుపోతుంది, తాళం లేని గానానికి ఆ గొడవ లేదు.

ఒంటికి ఏం జరుగుతుందన్న ప్రశ్నకూ కొంత జవాబుంది. లూసియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మంగళవార్త జపం (ఆవే మరియా) చెప్పించారు, యోగ మంత్రమూ చెప్పించారు. రెండింట్లోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా నెమ్మదించింది, గుండె లయ, రక్తపోటు హెచ్చుతగ్గులు దానితో జత కలిశాయి. జపమాలలో ఒకరు సగం చెబితే మిగతావారు సగం అందుకోవడంలోనే ఆ కొలత ఉంది. పరుగెత్తించి చదివితే రాదు.

మీ గుడి ఎన్ని సెకన్లదో తెలుసుకోవాలంటే ఫ్యాన్లు కట్టేసి, బెలూన్ పగలగొట్టి, ఫోన్‌లో రికార్డు చేయండి. 60 డెసిబెల్స్ దిగేదాకా వినపడదు. 30 దిగడానికి పట్టిన సమయం చూసి రెట్టింపు చేస్తే సరి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, జనం నిండాక ఒకసారి. రెండోదానికి పవిత్ర శుక్రవారం మంచి సమయం, ఆరాధన మొదలవకముందే చూసుకోవాలి. పవిత్ర గురువారం మహిమ గీతం (గ్లోరియా) దాటాక, ఈస్టరు ముందురాత్రి జరిగే పాస్కా జాగరణలో మళ్లీ ఆ గీతం వచ్చేదాకా గంటలు మోగవు, వాద్యం ఉన్నా పాటకు ఆసరాగానే. ఆ రోజు గాయకులకు మిగిలేది గొంతూ గోడలే.