పాస్‌వర్డ్‌లు మన దగ్గరుంటే క్లయింట్ ఎక్కడికీ పోడా? ఫ్రీలాన్స్ వెబ్ డెవలప్‌మెంట్‌లో అపోహలు - వాస్తవాలు

సొంతంగా కోడింగ్ నేర్చుకుని ఫ్రీలాన్స్‌లోకి వచ్చేవాళ్ళు నన్ను ముందు డిగ్రీ గురించి అడుగుతారు. ఆ తర్వాత ఏ ఫ్రేమ్‌వర్క్ (సైట్లు త్వరగా కట్టడానికి ముందే రాసిపెట్టిన కోడ్) నేర్చుకోవాలని అడుగుతారు. అసలు అడగాల్సిన సంగతి మాత్రం ఎవరూ అడగరు, అది తమకు తెలుసనే అనుకుంటారు కాబట్టి. ఈ రెండూ గబగబా తేల్చేసి దాని దగ్గరికి వస్తాను.

అపోహ: డిగ్రీ లేకపోతే ఎవరూ పని ఇవ్వరు.

ఉద్యోగాల్లో కొన్నిచోట్ల ఆ గీత ఉన్నమాట నిజమే. ఫ్రీలాన్స్‌లో మాత్రం "మీరు చేసిన సైట్ ఒకటి చూపించండి" అంటారు. ఆ లింక్ ఫోన్‌లో తెరిచి, మెనూ నొక్కి, ఫారమ్ నింపి చూస్తారు. అంతే, నా సర్టిఫికెట్ అడిగిన క్లయింట్ ఇంతవరకూ తగల్లేదు. అయినా ఈ రంగంలో సొంతంగా నేర్చుకోవడం దొడ్డిదారేమీ కాదు. వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధన సంస్థ 1993 ఏప్రిల్ 30న వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలేసింది. ఏ పేజీ తెరిచినా దాని సోర్స్ (వెనకున్న కోడ్) చూడొచ్చు. నేను నేర్చుకున్నదీ అలాగే, నచ్చిన పేజీల సోర్స్ తెరిచి ఒక్కో లైన్ తీసేసి ఏం చెడిపోతుందో చూస్తూ.

అపోహ: కొత్త ఫ్రేమ్‌వర్క్ రాకపోతే వెనకబడిపోతాం.

2006లో జేక్వెరీ వచ్చింది, 2013లో రియాక్ట్ వచ్చింది. ఒకప్పుడు ఎందరికో పని ఇచ్చిన ఫ్లాష్‌కు అడోబీ 2020 చివర్లో సపోర్ట్ ఆపేసింది. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ గట్టిగా వస్తే మిగతావి అవసరాన్ని బట్టి వస్తాయి. దీని మీద ఇంతకంటే చర్చ దండగ.

అపోహ: డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్) మన ఖాతాలో ఉంటే క్లయింట్ మనల్ని వదిలి వెళ్ళలేరు.

కొంప ముంచేది ఇదే. ఎవరో ఒక సీనియర్ చెవిలో వేస్తాడు, "పాస్‌వర్డ్‌లు ఇవ్వకు, ఇస్తే నీతో పనేముంది?" అని. ఇక అది వేదవాక్కు అయిపోతుంది. ఇల్లు కట్టిన మేస్త్రీ ఇంటిని తన పేరున రిజిస్టర్ చేయించుకుంటే ఊరుకుంటామా? వెబ్‌సైట్ దగ్గరికి వచ్చేసరికి రెండు వైపులా అది మామూలే అనుకుంటున్నారు.

ఒక శిక్షణ సంస్థ నడిపే ఆవిడ నాకు ఫోన్ చేశారు. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. "సైట్ హ్యాక్ అయిందండీ. కొన్నాళ్ళు ఏవో యాడ్స్ కనిపించాయి, ఇప్పుడసలు తెరుచుకోవట్లేదు. మెయిల్స్ కూడా ఆగిపోయాయి." డొమైన్ల వివరాలు చూపించే హూయిజ్‌లో చూస్తే హ్యాకింగ్ లేదు, ఏమీ లేదు. స్టేటస్ దగ్గర "రిడెంప్షన్ పీరియడ్" అని ఉంది, అంటే అదనపు ఫీజు కట్టి డొమైన్‌ను వెనక్కి తీసుకునే చివరి అవకాశం. డొమైన్ గడువు ఎప్పుడో దాటిపోయింది. పాత డెవలపర్ దాన్ని తన ఖాతాలో, తను వాడడం మానేసిన ఒక ఈమెయిల్‌తో కొన్నాడు. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నిబంధన ప్రకారం గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, దాటిన 5 రోజుల్లోపు మరోసారి రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) గుర్తుచేయాలి. ఆ మెయిల్స్ వెళ్ళేది ఎవరూ తెరవని ఆ పెట్టెలోకే. పాపం, ఈవిడకు ఒక్కటీ అందలేదు.

డాట్‌కామ్ డొమైన్ గడువు దాటాక రిజిస్ట్రార్ దాన్ని గరిష్ఠంగా 45 రోజుల దాకా అట్టే పెట్టొచ్చు. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్, చివర్లో పూర్తిగా తొలగించే ముందు 5 రోజులు. అదీ అయిపోతే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈవిడ రిడెంప్షన్‌లో ఉన్నారు. రిజిస్ట్రార్ సపోర్ట్ వాళ్ళు ఆవిడ మాట వినలేదు. వినకూడదు కూడా, ఖాతా ఆవిడది కాదు మరి. చివరికి ఆ అబ్బాయి పాత ఫోన్ నంబర్ దొరికింది. మోసగాడేం కాదు. ఉద్యోగంలో చేరి ఈ సంగతే మర్చిపోయాడు. ఆ రాత్రే లాగిన్ అయి రెన్యూ చేశాడు. మామూలు రుసుము మీద జరిమానాలాంటి రిడెంప్షన్ ఫీజు ఆవిడ కట్టుకున్నారు. ఆ నంబర్ మారిపోయి ఉంటే?

ఇది చెప్పగానే కుర్రాళ్ళు అడిగే మాట ఒకటుంది. "అక్కా, అన్నీ ఇచ్చేశాక డబ్బులు ఎగ్గొడితే?" ఆ భయం నాకు తెలుసు, కొత్తలో అది నిద్ర పట్టనివ్వదు. దానికి మందు వేరే ఉంది. పని మొదలుపెట్టే ముందే కొంత అడ్వాన్స్ తీసుకోండి. ఏం చేస్తారో, ఏం చేయరో మెయిల్‌లో రాసి ఒప్పించుకోండి. పని దశలుగా విడగొట్టి ఒక్కో దశకు ఇంత అని తీసుకోండి. చివరి వాయిదా అందేదాకా సైట్ స్టేజింగ్ సర్వర్ (పరీక్షించి చూసుకునే సర్వర్) మీదే ఉంచండి. మీరు ఆపగలిగింది మీ పనిని. వాళ్ళ పేరును కాదు.

నేనైతే మొదటి రోజే క్లయింట్‌ను పక్కన కూర్చోబెట్టుకునో, స్క్రీన్ షేర్ చేయించుకునో వాళ్ళ ఈమెయిల్‌తో, వాళ్ళ కార్డుతో ఖాతా తెరిపిస్తాను. ఆ ఈమెయిల్ కొనబోయే డొమైన్ మీదే ఉండకూడదు. డొమైన్ ఆగితే మెయిలూ ఆగుతుంది, పాస్‌వర్డ్ రీసెట్ లింక్ కూడా రాదు. టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ అడిగే రక్షణ), ఆటో రెన్యూ పెట్టిస్తాను. నాకు కావలసినంత యాక్సెస్ వాళ్ళే ఇస్తారు, పనయ్యాక తీసేయమని నేనే గుర్తుచేస్తాను. చివర్లో ఒక కాగితం ఇస్తాను. డీఎన్‌ఎస్ (డొమైన్‌ను సర్వర్‌కు కలిపే సెట్టింగ్స్) ఎక్కడుంది, బ్యాకప్ ఎక్కడికి వెళ్తుంది, ఏ ప్లగిన్ లైసెన్స్ ఎప్పుడు అయిపోతుంది, అన్నీ అందులో ఉంటాయి. (ఆ బ్యాకప్ అదే సర్వర్‌లో ఉంటే అది బ్యాకప్ కింద లెక్క కాదు.) ఆ కాగితం పట్టుకుని వేరే డెవలపర్ దగ్గరికి వెళ్ళిన క్లయింట్లూ ఉన్నారు. వెళ్ళనివ్వండి. వెళ్ళే దారి లేక ఉండిపోయిన మనిషి రాత్రి పదకొండింటికి పంపే మెసేజ్‌లు ఎలా ఉంటాయో నేను వేరేవాళ్ళ ఫోన్లలో చూశాను.

ఇది చదువుతున్నవాళ్ళలో సైట్ యజమానులుంటే, డొమైన్ ఖాతాలోకి మీరు సొంతంగా లాగిన్ కాగలరో లేదో ఇవాళే చూసుకోండి. హూయిజ్‌లో మీ పేరు కనిపించలేదని కంగారు పడకండి. 2018 నుంచి ప్రైవసీ నియమాల వల్ల చాలావరకు పేర్లు దాచేస్తున్నారు. గడువు తేదీ, రిజిస్ట్రార్ పేరు మాత్రం కనిపిస్తాయి. లాగిన్ లేకపోతే డెవలపర్‌తో గొడవకు దిగకుండా, గడువు ఇంకా ఉండగానే, "డొమైన్ మా ఖాతాకు మార్చండి" అని రాతపూర్వకంగా అడగండి. రిజిస్ట్రార్ మారాలంటే ఆథ్ కోడ్ (డొమైన్‌ను తరలించడానికి ఇచ్చే రహస్య కోడ్) కావాలి. ఖాతాదారు అడిగిన 5 రోజుల్లోపు రిజిస్ట్రార్ అది ఇవ్వాలి. అదే రిజిస్ట్రార్ దగ్గర మీకూ ఖాతా ఉంటే చాలాచోట్ల కోడ్ కూడా అక్కర్లేదు, లోపలే మార్చేయొచ్చు.