రాత్రి డెస్క్‌లో పనిచేసినవాడిగా చెబుతున్నా: పత్రికల గురించి అపోహలు, వాస్తవాలు

జాతీయ దినపత్రికలో నా ఉద్యోగం చాలావరకు రాత్రి డెస్క్‌లోనే, అంటే వచ్చిన వార్తలు సరిచూసి పేజీలు సిద్ధం చేసే చోటే గడిచింది. పేపర్లో పని గురించి జనం అనుకునేదానికీ, మేం చేసేదానికీ చాలా తేడా ఉంది. తరచూ వినే కొన్ని మాటలకు జవాబు చెబుతాను.

అపోహ: హెడ్డింగ్ రిపోర్టరే పెడతారు.

వాస్తవం: ఎక్కువగా పెట్టేది డెస్క్‌లో వార్తను దిద్దే సబ్ ఎడిటర్. కాపీ (రాసిన వార్త) పంపేటప్పటికి తన వార్త ఏ పేజీలో, ఎన్ని కాలమ్‌లలో వస్తుందో రిపోర్టర్‌కు తెలియదు. ఉన్న చోటులో పట్టించే తొందరలో "ఆరోపణ" అనే ఒక్క మాట పోయిందంటే వార్త అర్థమే మారిపోతుంది. తిట్లు మాత్రం బైలైన్‌లో, అంటే రాసినవారి పేరు వేసే చోట, పేరున్న మనిషికి పడతాయి. అది నాకెప్పుడూ బాధగానే ఉండేది.

అపోహ: అందరికీ వచ్చేది ఒకే పేపరు.

వాస్తవం: దూరం వెళ్లే ఎడిషన్ ముందే ప్రింటుకు వెళ్లిపోతుంది. ఆలస్యంగా ముగిసిన మ్యాచ్ ఫలితం అందులో లేదంటే కారణం అదే. ముందే పేజీ వదలాల్సి (ప్రింటుకు పంపాల్సి) రావడం ఎంత ప్రమాదమో 1948 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో తెలిసొచ్చింది. కంపోజింగ్ (అచ్చుకు అక్షరాలు కూర్చే) సిబ్బంది సమ్మె వల్ల షికాగో డైలీ ట్రిబ్యూన్ మామూలుకంటే ముందుగా పేజీలు వదిలేది. లెక్కింపు తేలకుండానే తొలి ఎడిషన్‌లో "ట్రూమన్‌ను ఓడించిన డ్యూయీ" అని బ్యానర్ హెడ్డింగ్ పెట్టేశారు. ప్రత్యర్థి డ్యూయీపై గెలిచింది అప్పటి అధ్యక్షుడు ట్రూమన్. ఆయన ఆ పేపర్ని పైకెత్తి నవ్వుతున్న ఫొటో డెడ్‌లైన్ టెన్షన్‌లో నాకు చాలాసార్లు గుర్తొచ్చేది.

అపోహ: ప్రముఖుల జీవిత విశేషాలు వాళ్లు పోయాకే రాస్తారు.

వాస్తవం: చాలావాటిని ముందే రాసి ఉంచుతారు. 2011లో ఎలిజబెత్ టేలర్ మరణించినప్పుడు న్యూయార్క్ టైమ్స్ వేసిన వ్యాసాన్ని రాసిన విలేకరి 2005లోనే కన్నుమూశారు.

అపోహ: డెస్క్ అంటే అక్షర దోషాలు దిద్దే చోటు.

వాస్తవం: ఒక రాత్రి సంగతి చెబుతాను. రోడ్డు ప్రమాదం వార్త. హెడ్డింగ్‌లో ఏడుగురు మృతి, కింద జాబితాలో ఏడు పేర్లు. లెక్క సరిపోయింది. అయినా అలవాటు కొద్దీ వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుతూ ఆరో పేరు దగ్గర ఆగాను. రెండో పేరూ అదే. అక్కడ ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఇక్కడ పొడి అక్షరం. వయసు ఒకటే, ఊరూ ఒకటే. పేజీ వదలడానికి పది నిమిషాలే ఉంది. రిపోర్టర్‌కు ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లీ చేశాను. ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. రిజిస్టర్ చూసి ఫోన్ చేశాడు.

"ఆరుగురే అన్నా. పోలీసుల లిస్టులో ఒకలా, ఆస్పత్రి లిస్టులో ఇంకోలా రాశారు. నేను రెండూ కలిపేశాను."

హెడ్డింగ్‌లో, ఇంట్రోలో (వార్త మొదటి పేరాలో), లోపలి వార్తను సూచించే మొదటి పేజీ ఇండికేషన్‌లో ఏడు తీసి ఆరు చేశాం. పేజీ ఆలస్యమైందని ప్రెస్ వాళ్లు గట్టిగానే అరిచారు. మిగిలిన ఆరు పేర్లూ మళ్లీ మొదటినుంచి చదివాకే నేను కుర్చీలోంచి లేచాను.