క్రేటులో ఎర్రబడిన టమాటా పండినట్టేనా? కోత సమయంపై అపోహలు - వాస్తవాలు

గుణుపురం ప్రాంతంలో శీతాకాలపు పంట నుంచి గుజ్జు తయారీకి వచ్చే టమాటాను తూకానికి ముందు పరీక్షించడం నా పని. "కాయ ఎర్రగానే ఉంది కదా బాబూ, ధర ఎందుకు తగ్గిస్తున్నారు?" అన్న ప్రశ్న వినని రోజు ఉండదు.

అపోహ: దోరగా కోసినా క్రేటులో ఎర్రబడుతుంది కనుక, అది మొక్కపై పండిన కాయతో సమానమే.

వాస్తవం: క్రేటులో రంగు వస్తుంది, చక్కెర రాదు. తొడిమ తెగగానే ఆకుల నుంచి కాయకు అందే చక్కెర ఆగిపోతుంది. ఆపై కాయను మాగించే ఇథిలీన్ వాయువు ప్రభావంతో లైకోపీన్ అనే ఎర్ర రంగు పదార్థం ఏర్పడుతుందే తప్ప లోపలి ఘనపదార్థం పెరగదు. బరంపురం, విశాఖ మార్కెట్లకు పంపే కాయ ప్రయాణాన్ని తట్టుకోవాలి కాబట్టి దాన్ని దోరగా కోయడం సబబే. గుజ్జు కాయకు ఆ లెక్క వర్తించదు. తొక్క, గింజల తరుగు పక్కనపెట్టినా, 28 బ్రిక్స్ (కరిగి ఉన్న చక్కెర తదితర ఘనపదార్థాల శాతం) పేస్టు కిలో తీయడానికి 5 బ్రిక్స్ రసం 5.6 కిలోలు సరిపోతే, 4 బ్రిక్స్ రసం 7 కిలోలు కావాలి. ఆ అదనపు నీటిని మరిగించే ఖర్చే రైతు ధరలోంచి పోతోంది.

ఈ పొరపాటు నేనూ చేయించాను. ఉద్యోగంలో చేరిన ఏడాది మబ్బు చూసి కంగారుపడి, మా చిన్నాన్న చేత సగం మడి దోరగా కోయించాను. నాలుగు రోజుల్లో అవి నిగనిగలాడాయి గానీ, కోసి చూస్తే నడిమి దూట తెల్లగా ఉంది, బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్ 4.1 చూపింది. వాన రాలేదు. వారం తరువాత మిగతా సగం 4.8 చూపింది. చిన్నాన్న ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

మొక్కపై ఉంచితే కుళ్లుతుందన్న భయం అర్థం చేసుకోదగినదే. అయితే గట్టి తొక్క ఉన్న గుజ్జు రకాలు ఎర్రబడ్డాక కూడా కొన్ని రోజులు గట్టిగానే నిలుస్తాయి. తొడిమ చుట్టూ ఉండే భుజాల దాకా ఎరుపెక్కి, బొటనవేలితో నొక్కితే లొంగని కాయే కోతకు తగినది. మెత్తబడేదాకా వదిలితే మాత్రం గుజ్జుకు చిక్కదనమిచ్చే పెక్టిన్ విరిగి పేస్టు పలుచబడుతుంది, పులుపు తగ్గుతుంది, బూజు చేరుతుంది.

కోతకు ముందు తడి పెడితే తూకం పెరుగుతుందన్నది నిజమే, కానీ బ్రిక్స్ తగ్గి కాయ పగులుతుంది. ఇథిలీన్ విడుదల చేసే ఎథిఫాన్ మందు పిచికారీ చేస్తే కాయలు ఒకేసారి రంగు తిరుగుతాయి, తీపి పెరగదు. ఇక కార్బైడుతో మాగబెట్టడం చట్టరీత్యా నిషిద్ధం, దానిపై చర్చే అనవసరం.