ఆగిపోయే ముందు అదేం చేస్తోంది?

పిల్లలూ,

మీ ఉత్తరం చేరింది. భాగాలన్నీ మీరే ఎంచుకుని, మీరే బిగించుకున్న కంప్యూటర్ అరగంటకోసారి ఆగిపోతుంటే ఎంత చిరాగ్గా ఉంటుందో నాకు తెలుసు. విండోస్ మూడుసార్లు మళ్లీ ఎక్కించామని రాశారు. దయచేసి నాలుగోసారి ఎక్కించకండి. డిస్క్ తుడిచి ఎక్కించిన ప్రతిసారీ ఆ కంప్యూటర్ తన జబ్బు గురించి రాసుకున్న లాగ్‌లు కూడా పోతున్నాయి.

"ఆగిపోతోంది" అన్న ఒక్క మాటతో నాకేమీ తెలియదు. కడుపునొప్పి అని వెళితే డాక్టర్ ఎక్కడ, ఎప్పుడు, ఏం తిన్నాక అని అడుగుతాడు కదా, నేనూ అలాగే అడుగుతాను. విండోస్ తప్పు జరిగిందని చెప్పే నీలం తెర వస్తోందా? ఏ సూచనా లేకుండా టక్కున ఆరిపోతోందా? తెర మీది బొమ్మ బిగుసుకుపోయి మౌస్ కదలడం మానేస్తోందా? ఆటలు ఆడేటప్పుడేనా, ఊరికే ఉన్నప్పుడు కూడానా? ఒక నోటుపుస్తకం పెట్టుకుని, టైముతో సహా రాయండి. టక్కున ఆరిపోతే నా అనుమానం ముందు కరెంటు మీదికి, వేడి మీదికి పోతుంది. రోజుకో రకం నీలం తెర వస్తుంటే ర్యామ్ మీదికి, అంటే కంప్యూటర్ తాత్కాలిక మెమరీ మీదికి. ఆటలో మాత్రమే తెర నల్లబడితే గ్రాఫిక్స్ కార్డు, దాన్ని నడిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్, దానికి వెళ్లే కేబుల్. ఇవి అనుమానాలే సుమా, తీర్పులు కావు.

నీలం తెర చదివేలోపే మాయమవుతోందంటే, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ అనే చోట ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేయండి. అప్పుడది తీరిగ్గా నిలబడుతుంది, ఫోటో తీసుకోవచ్చు. తర్వాత విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అక్కడ ఎర్రగా కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తే పవర్ సప్లై పోయిందని గాబరా పడిపోకండి. చాలామంది అక్కడే పొరబడతారు. "నేను పద్ధతిగా షట్‌డౌన్ కాలేదు, పడిపోయాను" అని మాత్రమే అది చెబుతుంది. ఎవరు తోశారో చెప్పదు. పక్కనే హ్వియా-లాగర్ అన్న పేరుతో ఏదైనా ఉంటే మాత్రం దాన్ని వదలకండి. హార్డ్‌వేర్ స్వయంగా చేసిన ఫిర్యాదు అది.

ఇక ర్యామ్. నన్నడిగితే కొత్తగా బిగించిన కంప్యూటర్‌లో మొదట పట్టుకోవాల్సింది దీన్నే. పెట్టె మీద వేగం 6000 అని రాసి ఉన్న డీడీఆర్5 రకం ర్యామ్ స్టిక్కులు, మీరేమీ మార్చకపోతే చాలావరకు 4800 దగ్గరే నడుస్తాయి. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో, ఎక్స్‌ఎమ్‌పీ గానీ ఎక్స్‌పో గానీ అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేస్తేనే ఆ పెద్ద అంకె వస్తుంది. అది ఒక రకం ఓవర్‌క్లాకింగే, అంటే మామూలు వేగాన్ని మించి పరిగెత్తించడం. ర్యామ్ ఆ వేగాన్ని తట్టుకున్నా, ప్రాసెసర్ లోపలుండే మెమరీ కంట్రోలర్ తట్టుకోకపోవచ్చు. కాబట్టి ముందు దాన్ని ఆఫ్ చేసి రెండు రోజులు వాడి చూడండి. ఆగడం మానేసిందా, దొంగ దొరికినట్టే. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే స్టిక్కులుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మీ బోర్డు మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, చూడండి. క్లిప్పు క్లిక్కుమనేదాకా నొక్కాలి. కొత్తవాళ్లు విరిగిపోతుందేమోనన్న భయంతో సగంలో ఆపేస్తారు.

అప్పటికీ తగ్గకపోతే పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 అనే మెమరీ పరీక్ష వేసి, విండోస్ బదులు దాంతోనే బూట్ చేసి, రాత్రంతా నడపండి. ఈ పరీక్షలో పాస్ మార్కులు 35 కాదు, నూటికి నూరే. ఒక్క తప్పు వచ్చినా ఫెయిలే. తప్పు వస్తే ఒక్కో స్టిక్కునే పెట్టి మళ్లీ పరీక్షించండి. ఒక స్టిక్కు ఏ స్లాట్‌లో పెట్టినా తప్పులిస్తే స్టిక్కు చెడింది. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పులొస్తే ఆ స్లాట్‌నో, ప్రాసెసర్‌నో అనుమానించాలి.

కేబుళ్ల దగ్గర నా పరువు పోయిన కథ ఒకటుంది. నేను మొదట కట్టిన కంప్యూటర్ ఆట మొదలెట్టగానే ఆరిపోయేది. పాపం, గ్రాఫిక్స్ కార్డును వారం రోజులు తిట్టుకున్నాను. తీరా చూస్తే బోర్డు పైమూల ప్రాసెసర్‌కి కరెంటిచ్చే 8 పిన్నుల కనెక్టర్ సగమే దిగి ఉంది! మీరు ఆ తప్పు చేయకండి. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, ప్రతి కనెక్టర్‌నూ వేలితో తడిమి చూడండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: పాత పవర్ సప్లై కేబుల్‌ను కొత్తదానికి తగిలించవద్దు. తలలు ఒకేలా ఉన్నా లోపల తీగల వరుస వేరుగా ఉండొచ్చు, భాగాలు కాలిపోతాయి.

వేడి సంగతి తొందరగా తేలిపోతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి ఉష్ణోగ్రత చూడండి. ఏ పనీ లేకుండానే ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటుతుంటే కూలర్ విప్పి, అడుగున ప్లాస్టిక్ పొర అలాగే ఉండిపోయిందేమో చూడండి. నవ్వకండి, పెద్ద పెద్దవాళ్లు కూడా మరిచిపోతారు.

ప్రాసెసర్‌ని పరీక్షించడానికి ప్రైమ్95 అని ఒకటుంది. అసలది పెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతికే ప్రోగ్రామ్, 1996లో మొదలైన వెతుకులాట కోసం రాసింది. ఆ లెక్కలో ఎక్కడ తప్పు దొర్లినా కనిపెట్టేస్తుంది కాబట్టి, కంప్యూటర్లు బిగించేవాళ్లు దాన్ని పరీక్షకు వాడుకోవడం మొదలుపెట్టారు. లెక్కల మాస్టారు కాపలా కాస్తున్నట్టన్నమాట.

మీది ఇంటెల్ 13వ లేదా 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. వాటిలో కొన్ని మోడళ్లు అవసరానికి మించి వోల్టేజ్ అడిగి క్రమంగా పాడవుతున్నాయని 2024లో తేలింది. ఆ ఆగస్టు నుంచి కంపెనీ సవరణలు ఇస్తూ వచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఆ సవరణ బాగుచేయదు, మార్పించుకోవాల్సిందే.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్ వేగం తగ్గించి, డ్రైవర్ మార్చి, కేబుల్ కూడా మార్చేస్తే, రేపు బాగైనా దేనివల్ల బాగైందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఈ రాత్రికి మెమరీ పరీక్ష పెట్టి పడుకోండి. పొద్దున్నే తెర ఫోటో పంపండి. తప్పులు చూపే ఎర్ర వరుసలు కనిపిస్తే ఏ స్టిక్కు ఏ స్లాట్‌లో ఉందో కూడా రాయండి. చూసి తర్వాత ఏం చేయాలో చెబుతాను.

మీ తాతయ్య